టీచర్ గారు గుర్తుపట్టిన మదర్‌బోర్డు

నా సర్వీసు మొత్తంలో నా చేతుల్లో చచ్చిపోయిన మెషిన్లు మూడు. రెండు పిడుగు దెబ్బకి ముందే సగం పోయి వచ్చినవి, వాటి పాపం నాది కాదు. మూడోది మాత్రం ప్రాణంతో ఉండగానే నా ముందుకొచ్చింది. దాన్ని నేనే చంపాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా బాగుచేసినవాటి గురించే అడుగుతుంటారు. ఎప్పుడూ అడగని ఈ మూడోదాని గురించి ఇప్పుడు చెప్తాను.

అమలాపురంలో ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో పాతికేళ్ళకి పైగా పనిచేశాను. చిప్పుల మీద అక్షరాలు భూతద్దంలో కూడా అలుక్కుపోయి కనపడుతుంటే పోయినేడాది మానేశాను. నేను చెప్పబోయేది అంతకు చాలా ముందు సంగతి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూడ్డం ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో నాకూ సరిగ్గా తెలీదు. నేను గమనించేసరికి మానేసి ఉన్నారు.

కొత్తపేట దాటి లోపలికి ఆటోలో వెళ్తే ఒక ఊళ్ళో చూపులేని పిల్లల బడి ఒకటి ఉండేది. హాస్టలూ అక్కడే. దాన్ని నడిపే హెడ్మిస్ట్రెస్ గారు పెద్దావిడ. తెల్లచీర, మెళ్ళో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. బడికంతటికీ ఒకటే కంప్యూటరు. దానికి ఒక బ్రెయిలీ ప్రింటరు తగిలించి ఉండేది. అది సిరాతో అచ్చు వెయ్యదు. దళసరి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది. పనిచేస్తున్నప్పుడు పది కుట్టుమిషన్లు ఒక్కసారి తొక్కినంత చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోయి పది రోజులైందని షాపుకి ఫోనొచ్చింది. షాపు ఓనరు నన్ను పంపించారు.

ఆ కంప్యూటరు మీద పనంతా చూసుకునేది ఒక టీచర్ గారు. ముప్పై దాటిన మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. రెండేళ్ళపాటు ఒకరు చదివి వినిపిస్తుంటే పదో తరగతి పుస్తకాలన్నీ ఆవిడే టైపు చేసి అందులో దాచారట. వాటిని ఇంకా ప్రింటు తియ్యలేదు. పరీక్షలు దగ్గరికొచ్చాయి. పిల్లల చేతుల్లో ఉన్నవి ఎన్నో బ్యాచీలు తడిమిన పాత పుస్తకాలు. ఆవిడ ఒక పేజీ తెరిచి నన్ను వేలు పెట్టి చూడమన్నారు. నా వేలికి ఏమీ తగల్లేదు, నున్నటి కాగితం.

"చుక్కలు అరిగిపోయేయండి. మాకే అందటం లేదు, పిల్లలకి ఎక్కడ అందుతాయి?" అన్నారు.

ఇక మెషిన్ సంగతి. ఆన్ చేస్తే ఒకరోజు మామూలుగా లేచేది, అప్పుడూ ప్రింటరుని మాత్రం గుర్తుపట్టేది కాదు. ఒకరోజు నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో, నా సెట్టింగులు పోయాయి అని ఒక ముక్క చెప్పి ఆగిపోయేది. ఒకరోజు అదీ లేదు. ఇలాంటప్పుడు ముందు చెయ్యాల్సిన పని, లోపలున్న మదర్‌బోర్డు ఏదో తెలుసుకోవడం. మామూలుగా దాని మీదే ఎక్కడో ఒకచోట మోడల్ నంబరు అచ్చువేసి ఉంటుంది. నేను మూత విప్పి టార్చి వేసి వెతికాను. దీని మీద నంబరు లేదు, తయారీదారు పేరు లేదు. ఒక మూల స్టిక్కరు ఊడిపోయిన జిగురు మరక మాత్రం ఉంది. కానీ బయట డబ్బా మీద మోడల్ రాసిన స్టిక్కరు శుభ్రంగా ఉంది. అదే రాసుకున్నాను. డబ్బా మీద ఉన్నదే లోపలా ఉంటుందని ఎలా నమ్మానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అప్పటికి పదిహేనేళ్ళ అనుభవం ఉంది నాకు. బహుశా అందుకే నమ్మాను.

బోర్డు మీద బ్యాటరీ మార్చాను. తప్పు పోలేదు. అంటే బయోస్ పాడైందని తేల్చేశాను. బయోస్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి ఒక్క మాట. మెషిన్ లేవగానే తనకి ఏమేం ఉన్నాయో చూసుకునే చిన్న ప్రోగ్రాం అది. బోర్డు మీద ఒక చిప్పులో ఉంటుంది. ఏ బోర్డుది ఆ బోర్డుకే. వారం తర్వాత డబ్బా మీది మోడల్‌కి సరిపోయే బయోస్ ఫైలు తెచ్చుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు మెషిన్ దాని మంచి రోజుల్లో ఉంది, లేచింది. ఫైలు ఎక్కించబోతే ఒక బీప్ కొట్టి, ఇది ఈ బోర్డు ఫైలు కాదు, అయినా కానివ్వనా అని అడిగింది.

నేను ఆగాను. ఎంతసేపో చెప్పలేను, పది లెక్కపెట్టేంత సేపు కావచ్చు. తర్వాత ఎంటర్ నొక్కాను.

ఎక్కింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఫ్యాన్ తిరుగుతోంది. తెర నల్లగానే ఉంది. బీప్ లేదు. ఇంకో పదిసార్లు ఆన్ చేసుంటాను. ఏమీ లేదు.

హెడ్మిస్ట్రెస్ గారి గదిలోకి వెళ్ళి, "పాత బోర్డండి, దాని కాలం తీరిపోయింది," అన్నాను. ఆవిడ మెళ్ళో సిలువని ఒకసారి ముట్టుకుని, సరేనండి అన్నారు. నేను బ్యాగు సర్దుకుని బయటికొచ్చాను. వరండా చివర టీచర్ గారు గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఇంజనీరు గారూ, ఒక మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. మెషిన్ వద్దంది కదండీ?"

నాకు అర్థం కాలేదన్నట్టు బ్యాగు పట్టీ సర్దుకున్నాను.

"ఒకసారి కూసింది. మీరు కాసేపు ఆగేరు. ఆగి మళ్ళీ నొక్కేరు. దాని తర్వాత ఇంక అది పలకలేదు. మరి హెడ్మిస్ట్రెస్ గారితో కాలం తీరిపోయిందన్నారేంటండీ?"

కోపం ఉందేమోనని వెతికాను ఆ గొంతులో. లేదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నట్టు ఉంది. కోప్పడి ఉంటే నేను ఏదో ఒక సాంకేతిక పదం అడ్డం పెట్టుకుని బయటపడేవాణ్ణి. అలా అడిగేసరికి, "ఆయ్, నేనే తప్పు చేసేనండి," అన్నాను. వెనక్కి వెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారికి కూడా ఆ మాటే చెప్పాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసి, "మరి మీరే బాగు చేస్తారు కదండీ?" అని మాత్రం అడిగారు. చేస్తానన్నాను. ఎలా చేస్తానో నాకు తెలీదు.

కొత్త కంప్యూటరు తెచ్చి పెట్టేస్తే అయిపోయే పని కాదు. ఆ ప్రింటరుకి కావలసిన వెడల్పాటి పాతరకం సాకెట్టు కొత్తవాటికి ఉండటం మానేసింది. దాన్ని నడిపే ప్రోగ్రాం కూడా పాత మెషిన్ మీదే నడుస్తుంది. ఇలాంటి బోర్డే ఇంకోటి దొరకాలి, లేదా దాని బయోస్ చిప్పయినా దొరకాలి. దొరకాలంటే ముందు అది ఏ బోర్డో తెలియాలి. విజయవాడలోను, రాజమండ్రిలోను తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశాను. స్లాట్లు ఎన్ని ఉన్నాయో, పెద్ద చిప్పు మీద ఏ అంకెలు ఉన్నాయో వర్ణించి చెప్పాను. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. ముగ్గురు మూడు చెప్పాక నాలుగోవాణ్ణి అడగటం మానేశాను. ఓనరు, ఇంక దాన్ని వదిలేసి పాత కంప్యూటర్లు అమ్ముకునేవాళ్ళ దగ్గర వెతుక్కోమని బడివాళ్ళకి చెప్పెయ్యమన్నారు. నేను సెలవు పెట్టి మళ్ళీ కొత్తపేట బస్సెక్కాను.

ఆ రోజు బోర్డు మొత్తం విప్పి, కాగితం పరిచిన బల్ల మీద పెట్టాను. టీచర్ గారు, ముట్టుకోవచ్చాండీ అని అడిగారు. కరెంటు లేదు కదా, ముట్టుకోండి అన్నాను. ఆవిడ వేళ్ళు ఒక చివర మొదలుపెట్టి, తొందర లేకుండా, ఒక్కో స్లాటు, ఒక్కో చిప్పు దాటుకుంటూ వెళ్ళాయి. ఇదేంటి, ఇదేంటి అని అడిగారు. చెప్పాను. ఇన్నేళ్ళలో బోర్డుని అంత మర్యాదగా ముట్టుకున్నవాళ్ళని చూడలేదు. నేనైతే అసలు ముట్టుకోను, స్క్రూడ్రైవరుతో చూపిస్తాను.

అంతా అయ్యాక ఆవిడ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇది మొదట్నించీ ఉన్న బోర్డు కాదండి," అన్నారు.

ఎలా తెలుసని అడిగాను.

"గొంతు మారిందండి. మొదట్లో ఆన్ చెయ్యగానే సన్నగా కూసేది. ఒక వానాకాలం పాడైతే ఎవరో వచ్చి బాగుచేసేరు. అప్పట్నించి ఆలస్యంగా కూస్తోంది. గొంతు కూడా బొంగురు. నేను అప్పుడే అనుకున్నాను, ఇది వేరే మెషినని. ఎవరూ అడగలేదు కదాని చెప్పలేదండి."

నేను మొదటి రోజు అడిగుండాల్సింది. దాదాపు నెల్లాళ్ళు నేను డబ్బాని చూశాను, బోర్డుని చూశాను. ఆ మెషిన్‌తో రోజూ మసిలే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. అడగాలని తోచకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు, చెప్పడానికి సిగ్గు. ఆవిడకి కనపడదు కదా, ఆవిడకేం తెలుస్తుంది అనుకున్నాను.

అప్పుడు బాగుచేసిందెవరని ఇద్దరం హెడ్మిస్ట్రెస్ గారిని అడిగాం. అది తనకు ముందున్న హెడ్మాస్టరు గారి హయాం అనీ, కాగితాలేమీ లేవనీ చెప్పారు. టీచర్ గారికి మాత్రం ఆ బాగుచేసినాయన ఫోన్లో మాట్లాడటం గుర్తుంది. తన షాపు జొన్నాడలో హైవే పక్కనే ఉందనీ, లారీల గోలలో మాట వినపడదనీ ఎవరితోనో అంటుంటే విన్నారట. పేరు తెలీదు. "గొంతు వింటే పట్టేస్తానండి," అన్నారు.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను కిందనించి పైకి ఒకసారి చూసి, టీచర్ గారి వైపు తిరిగి, వెళ్తావా అమ్మా అని అడిగారు. వెళ్తానన్నారావిడ. సాయంత్రానికల్లా వచ్చెయ్యండి అన్నారు పెద్దావిడ.

గేటు దాటగానే నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "మీరు నన్ను పట్టుకోకూడదండి. నేను మిమ్మల్ని పట్టుకుంటాను. అప్పుడు మీరు ఎటు తిరిగితే అటు తెలుస్తాది," అన్నారు. నా మోచెయ్యి పట్టుకుని అరడుగు వెనక నడిచారు. ఆటో దిగినా, బస్సెక్కినా, రోడ్డు దాటినా ఆ రోజంతా అలాగే. మెట్టు వస్తే చెప్పాలని, గుంట వస్తే ఒక క్షణం ఆగాలని మొదటి అరగంటలో నేర్చుకున్నాను. తర్వాత చెప్పకుండానే అలవాటైపోయింది.

రావులపాలెంలో బస్సు మారి గోదావరి వంతెన ఎక్కాం. చక్రాల చప్పుడు మారగానే ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పి, గోదావరి వచ్చేసిందా అండి అన్నారు. వచ్చిందన్నాను. నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. ఉన్నాయండి అన్నాను.

ఆవిడ నవ్వేశారు. "మదర్‌బోర్డు గురించైతే గంటసేపు చెప్పేరు. ఇంత గోదావరిని ఒక్క ముక్కలో తేల్చేసేరే."

నేను సిగ్గుపడి కిటికీలోంచి చూశాను. నడిమధ్యలో ఇసుక తేలి ఉంది. దాని మీద ఎవరో బట్టలు ఆరేశారు, వరసగా ఎర్రవి, పసుపువి. ఇటుపక్క పాయలో ఒక పడవ కదలకుండా ఉంది. అవన్నీ చెప్పాను. ఎరుపు అనేసి, ఎరుపంటే ఈవిడకి ఎలా అని ఆగిపోతే, ఆగకండి చెప్పండి అన్నారు. వంతెన అయిపోయేదాకా చెప్తూనే ఉన్నాను. మెషిన్ కానిదాని గురించి నేను అంతసేపు మాట్లాడటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. వంతెన ఇంకాస్త పొడుగుంటే బాగుండుననిపించింది.

జొన్నాడలో హైవే పొడుగునా రిపేరు షాపుల్లోకి వెళ్ళాం. నేను ఏదో ఒకటి అడగటం, ఎదుటివాళ్ళు జవాబు చెప్పటం, ఆవిడ వినటం. మొదటి షాపు కాదు. రెండోదీ కాదు. టీవీలు బాగుచేసే అతను గట్టిగా మాట్లాడుతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఎండ మండుతోంది. చివర్లో మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు ఒకటుంది. కంప్యూటర్లతో సంబంధం లేదు కదా అని దాటేయబోతుంటే, లోపలి చీకట్లోంచి, "ఏం కావాలండీ, మోటారా?" అని వినపడింది.

ఆవిడ వేళ్ళు నా మోచెయ్యి మీద గట్టిగా నొక్కుకున్నాయి.

ఆయనే. నెరిసిన గెడ్డం, చేతుల నిండా వార్నిష్. కంప్యూటర్ల పని మానేసి మోటార్లలోకి దిగారట. బడి పేరు చెప్పగానే గుర్తుపట్టారు. ఒకప్పుడు ఒక ఆఫీసువాళ్ళు తీసిపారేసిన కంప్యూటర్లు రెండు ఆయన కొన్నారు. వాటిలో ఉన్నవి ఒక కంపెనీ తన మెషిన్ల కోసం ప్రత్యేకంగా చేయించుకున్న బోర్డులు. అందుకే పైన పేరు వెయ్యలేదు, స్టిక్కరు మాత్రం అంటించారు. ఆ స్టిక్కరు ఊడితే ఇంక దాన్నెవరూ పోల్చుకోలేరు. రెండిట్లో ఒకటి బడి మెషిన్లో బిగించారు. రెండోది ఉందా అని అడిగాను. 

ఆయన నిచ్చెనేసుకుని అటకెక్కి సిమెంటు సంచిలో చుట్టిన బోర్డు దింపారు. సగం తుప్పు, ఒక మూల విరిగిపోయింది. కానీ అదే బోర్డు. స్లాట్లు, రంగులు, చిప్పుల వరస, అన్నీ అవే. మూల స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. ఆ పక్కన సాకెట్లో బయోస్ చిప్పు. నేను టీచర్ గారి వేలు తీసి ఆ చిప్పు మీద పెట్టాను. ఆ రోజు మొత్తంలో నేనుగా ఆవిడ చెయ్యి పట్టుకున్నది అదొక్కసారే. ఆవిడ తడిమి చూసి, బడిలో ఉన్న బోర్డు మీద కూడా ఇది ఇక్కడే ఉంది కదండీ అన్నారు. ఆయన బోర్డుని అదే సంచిలో చుట్టి నా చేతికిచ్చేశారు.

మధ్యాహ్నం దాటుతుండగా బడికి చేరాం. అన్నం తినమంటే తినలేదు. చిప్పు తీసి బడి బోర్డులో కూర్చోబెట్టాను. చిప్పు మీది గుర్తు ఎటువైపుందో మూడుసార్లు చూసుకుని, బోర్డుని మెషిన్లో బిగించాను. ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది. ఏమీ పలకలేదు. నేను మెడ వంచుకున్నాను. ఆవిడ మాత్రం, ఉండండి, ఇది ఆలస్యంగా పలుకుతాది అన్నారు. అప్పుడు పలికింది, బొంగురుగా, ఒక్కసారి.

"అదేనండి. అదే గొంతు," అన్నారు.

తెర వెలిగింది. వెలిగి, నా సెట్టింగులు పోయాయి అని మళ్ళీ ఆ పాత ముక్కే చెప్పింది. ఈసారి నేను ఏ ఫైలు జోలికీ పోలేదు. బ్యాటరీ తీసి, అది కూర్చునే గూడుని టార్చి వేసి చూశాను. కింది రేకుకి పచ్చటి చిలుము. మన కోనసీమ ఉప్పుగాలి ఏ లోహాన్నీ వదలదు. ఆ చిలుము అడ్డంతో బ్యాటరీ ఒకరోజు అంటుకునేది, ఒకరోజు అంటుకునేది కాదు. పెన్సిలు రబ్బరుతో రుద్దాను. అంతే, మెషిన్ లేచి కూర్చుంది. ఇంకో పదేళ్ళు ఆ తప్పు రాలేదు.

జరిగింది ఆవిడకి చెప్పాను. "అంటే మొదటి రోజే ఇది చేసుంటే?" అని అడిగారు.

"ఆయ్. అయిదు నిమిషాల్లో అయిపోయేదండి."

ఆవిడ బల్ల మీద తడిమి ఆ రబ్బరు ముక్క చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, "అయితే జొన్నాడ వెళ్ళేవాళ్ళం కాదు," అన్నారు.

ఆ మాటకి జవాబు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నేను, "ప్రింటరు టెస్టు చేద్దామండి," అన్నాను.

ప్రింటరు మొదలుపెట్టగానే ఆ గోలకి పిల్లలు తరగతుల్లోంచి లేచొచ్చేశారు. కాగితం బయటికొస్తుంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వేళ్ళతో చదివేశారు. పరీక్షలకి ముందే పుస్తకాలన్నీ అందాయి.

ఆ తర్వాత నెలకోసారి ఆ బడికి వెళ్ళేవాణ్ణి. పాత మెషిన్లకి దుమ్ము చేరకూడదని హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పాను, ఓనరుకీ అదే చెప్పాను. మూత విప్పి, బ్రష్షు పెట్టి, మూత బిగించి, టీ తాగి వచ్చేవాణ్ణి. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఊళ్ళో సంగతులు, బస్సులో చూసినవి అడిగేవారు. నేను దారిపొడుగునా చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి, చెప్పడానికి. నాలుగో నెలో, అయిదో నెలో, నేను మూత బిగిస్తుంటే ఆవిడన్నారు.

"ఇందులో దుమ్మేమీ లేదు కదండీ?"

"లేదండి."

"వచ్చే నెల ఊరికే రండి."

వచ్చే నెల ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు లేకుండా బయల్దేరాను. కొత్తపేటలో బస్సు దిగాను. అక్కణ్ణించి ఆటో ఎక్కాలి. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. బడి గేటు దగ్గర ఎవరైనా, ఏం పని మీద వచ్చేరండీ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఒక ఆటో వెళ్ళిపోయింది. కొబ్బరిబోండాం తాగాను. ఇంకో ఆటో అతను రమ్మని పిలిచాడు, కాదన్నాను. పన్నెండింటికి అమలాపురం బస్సొస్తే ఎక్కేశాను. వచ్చే వారం వెళ్దామనుకున్నాను. ఆ తర్వాతి వారం అనుకున్నాను. వెళ్ళలేదు. అలా రెండు మూడు నెలలు గడిచాయి.

ప్రింటరు కాగితం పట్టేస్తోందని బడి నుంచి ఫోనొస్తే బ్యాగు తీసుకుని వెళ్ళాను. మెషిన్ ముందు వేరే ఎవరో ఉన్నారు. టీచర్ గారికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందనీ, చిత్తూరు వైపు పోస్టింగనీ, వెళ్ళి నెల దాటిందనీ హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు. మంచి వార్తేనండి అన్నాను. మంచి వార్తే. నేను ప్రింటరు మూత తీసి, ఇరుక్కున్న కాగితం లాగుతూ ఉన్నాను. పెద్దావిడ వెళ్ళిపోకుండా అక్కడే నిలబడ్డారు.

"వెళ్ళేముందు మీ గురించి అడిగిందండి. పోనీ ఒకసారి రమ్మని ఫోన్ చేయించనా అమ్మా అన్నాను. వద్దంది. పని లేకపోతే ఆయన రారండి, అంది."

నేను తలూపి ప్రింటరు మూత బిగించాను.

ఆ తర్వాత పెళ్ళి చేసుకోలేదు. దానికి ఆవిడే కారణమని చెప్పను, అంత కథ లేదు. కానీ పని లేకపోతే రానన్న మాట మాత్రం నిజం కాదు. ఒకసారి వచ్చాను, కొత్తపేట దాకా. ఆ సంగతి హెడ్మిస్ట్రెస్ గారికి ఆ రోజు చెప్పి ఉంటే టీచర్ గారికి చేరేది. చెప్పలేదు. ఇన్నేళ్ళకి ఇదే మొదటిసారి చెప్పడం.